కోత లేని ఇండెంటు

ఆ ఆదివారం పొద్దున స్టోర్ కీపరు కాఫీ తాగడం ముగించి, ఎర్ర పెన్సిలు చెక్కుకుని, ఇంటిల్లిపాదినీ భోజనాల బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. వచ్చే శనివారం అందరూ కలిసి ఒక తెరచాప పడవ అద్దెకు తీసుకుని అయిదు రోజులు సముద్రం మీద తిరగబోతున్నారు. పడవతో పాటు దాన్ని నడిపే సరంగు వస్తాడు. వంటవాడు మాత్రం రాడు. సరుకులు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, వంట ఎవరిది వాళ్లే చేసుకోవాలి అని అద్దె కాగితంలో స్పష్టంగా ఉంది. ఆ వాక్యం కింద ఆయన రెండు గీతలు గీశాడు.

అసలు తంటా అంతా ఆ వాక్యంలోనే ఉంది మరి. పెళ్లయిన ఇరవై తొమ్మిదేళ్లలో సెలవులకని ఎక్కడికి వెళ్లినా, ఆయన భార్యకంటే ముందే వంటిల్లు అక్కడికి వెళ్లి కూర్చునేది. కొండ మీద బస చేస్తే కొండ మీద వంట, తోటలో బస చేస్తే తోటలో వంట. కిందటేడు సముద్రం ఒడ్డున ఇల్లు తీసుకున్నారు. తిరిగొచ్చాక పక్కింటావిడ సముద్రం ఎలా ఉందని అడిగింది. "స్టవ్ వెనకాల కిటికీలోంచి జానెడు కనిపించింది. బాగానే ఉంది," అంది భార్య. గదిలో పేపరు చదువుకుంటున్న స్టోర్ కీపరుకి ఆ జానెడు మాట ముల్లులా గుచ్చుకుంది. ఏడాదంతా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఈసారి ఆవిడకి మాటిచ్చాడు. "ఈ ప్రయాణంలో నువ్వు గరిటె ముట్టుకుంటే నా మీద ఒట్టే."

"చూద్దాం లెండి," అంది ఆవిడ. ఆ చూద్దాంలో ఇరవై తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. దానికి ఆయనకి ఒళ్లు మండింది. మొగుడు మాటిస్తే నమ్మని పెళ్లాం ఉంటుందా ఎక్కడైనా?

ఆయన ఒక పెద్ద ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా స్టోర్సు చూస్తున్నాడు. అక్కడ మేకు కావాలన్నా మోటారు కావాలన్నా ఇండెంటు పెట్టాలి. అంటే ఏ వస్తువు, ఎంత పరిమాణం అని అచ్చు కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఆయన అది చదివి, నిట్టూర్చి, ఎర్ర పెన్సిలుతో ఆ అంకె కొట్టేసి సగం వేస్తాడు. పది అడిగితే అయిదు, నాలుగడిగితే రెండు. మేనేజరు అడిగినా అంతే, ఇంట్లో కూతురు అడిగినా అంతే. ఆయన ప్రాణం పెట్టే రూలు ఇంకొకటి ఉంది. అంకె కొట్టేసిన చోట అడిగినవాళ్లూ ఇచ్చేవాళ్లూ ఇద్దరూ సంతకం పెట్టాలి. లేకపోతే ఆ కొట్టివేత చెల్లదు, మొదట రాసిన అంకే ఖాయం. ఈ రూలు రాసింది ఆయనే. ప్రతి ఇండెంటు అడుగునా దాన్ని అచ్చు వేయించిందీ ఆయనే.

ఫ్యాక్టరీ కాగితాలు ఇంటికి తేవడం తప్పు కాబట్టి సొంతంగా నకళ్లు తీయించి తలా ఒకటి పంచాడు. కూతురు, అల్లుడు, భార్యకి తమ్ముడైన బావమరిది, తన సొంత అక్కగారు, భార్య. తనతో కలిపి ఆరుగురు. అయిదు రోజులకీ ఎవరికి ఏం కావాలో, ఎంత కావాలో నిజాయితీగా రాయమన్నాడు. మనసులో మాత్రం ఒక గొప్ప నిర్ణయం తీసుకున్నాడు. ఈసారి కోత లేదు. ఎవరెంత రాస్తే అంత. ఏదైనా కాస్త తక్కువైతే చాలు, ఉన్నదాంతోనే ఏదో ఒకటి చేస్తానంటూ ఆవిడ లేచి స్టవ్ దగ్గరికి వెళ్లిపోతుంది. ఆ అవకాశం ఇవ్వకూడదు. ఈ నిర్ణయాన్ని ఎవరికీ చెప్పలేదు. ముందే చెప్తే మంచితనానికి విలువ పోతుందని ఆయన నమ్మకం.

కాగితాలు పట్టుకుని అందరూ వసారాలోకి వెళ్లారు. అక్కడ బావమరిది కొత్త అల్లుడికి ఏదో జ్ఞానోపదేశం చేశాడు. అదేమిటో స్టోర్ కీపరు చెవిన పడి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

తిరిగొచ్చిన కాగితాలు చదివేసరికి ఆయనకి కళ్లు తిరిగాయి. కూతురికి గుడ్లు ఎనిమిది డజన్లు, పాలు పది లీటర్లు. అల్లుడికి బ్రెడ్డు ఇరవై పాకెట్లు, బంగాళాదుంపలు పదహారు కిలోలు. బావమరిదికి కోళ్లు పది, ఉల్లిపాయలు పన్నెండు కిలోలు. అక్కగారికి కడుపులో తిప్పకుండా నిమ్మకాయలు ఎనభై, తిప్పడం ఆగాక తినడానికి బిస్కెట్లు నలభై పాకెట్లు. ఒక్క మనిషి అయిదు రోజుల్లో పదహారు కిలోల దుంపలు ఎలా తింటాడు? ఎంత అల్లుడైతే మాత్రం? చెయ్యి దానంతట అదే ఎర్ర పెన్సిలు మీదికి పోయింది. జానెడు సముద్రం గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ దుంపల కాగితంలో ముందు ఎనిమిది రాసి, కొట్టేసి, పదహారు చేశారు. "ఇక్కడ కొట్టివేత ఉంది అల్లుడుగారూ, పక్కన సంతకం పెట్టండి," అని మాత్రం అన్నాడు. అల్లుడు నీళ్లు నములుతూ సంతకం పెట్టాడు.

ఆఖరున భార్య కాగితం. వస్తువు అన్న చోట 'వంట చెయ్యకుండా ఉండటం' అనీ, పరిమాణం అన్న చోట 'పది రోజులు' అనీ రాసింది. ఆయనకి నవ్వొచ్చింది. ప్రయాణమే అయిదు రోజులైతే పది ఎక్కణ్ణుంచి వస్తుంది? పాపం, లెక్క తప్పింది. భార్యే కదా, ఇంత చిన్నదానికి మళ్లీ సంతకాలెందుకని పది కొట్టేసి అయిదు వేసి, పక్కన తన పొడి సంతకం గిలికాడు. ఆ రోజు ఎర్ర పెన్సిలు పని చేసింది ఆ ఒక్కసారే.

తర్వాత ఆయన తన పని మొదలుపెట్టాడు. స్టోర్సు అన్నాక అత్యవసర నిల్వ ఉండాలి కాబట్టి ప్రతి సరుకు మీదా అయిదో వంతు కలిపాడు. ఆవిడ గిన్నెలు కూడా కడగకూడదు కాబట్టి కాగితం పళ్లేలు మూడు వందలు రాశాడు. పడవలవాళ్లు మనిషికొక లైఫ్ జాకెట్ ఇస్తామంటే, ఒకటి పాడైతే రెండోది, అది తడిస్తే మూడోది ఉండాలి కదా అని ఇంకో పన్నెండు ఇమ్మని ఉత్తరం రాశాడు. అయిదు రోజుల భోజనాలకీ పట్టిక వేశాడు. పొద్దున గుడ్లు అల్లుడు ఉడకబెట్టాలి, మధ్యాహ్నం దుంపలు కూతురు వేయించాలి, రాత్రికి కోడి సంగతి బావమరిది చూడాలి. భార్య పేరుకి ఎదురుగా ప్రతి పూటా ఒకటే మాట రాశాడు: 'కూర్చుంటుంది.' మొత్తం జాబితా రేవు పక్కనున్న సరుకుల కొట్టుకి పంపించి, ఆ వారమంతా తన మంచితనానికి తనే మురిసిపోయాడు.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి ఆయనా భార్యా రేవుకి చేరారు. మిగతా నలుగురూ గంట ముందే వచ్చి ఉన్నారు. ఎందుకంత తొందరపడ్డారో ఆయన అడగలేదు, వాళ్లు చెప్పలేదు. సరంగు మాటలు పొదుపుగా వాడే మనిషి. పదకొండులోపు రేవు దాటాలన్నాడు. తర్వాత ఆటు మొదలై నీళ్లు దిగిపోతాయి, రేవు మూతి దగ్గర పడవ అడుగు నేలకి తగులుతుంది. ఇవాళ దాటకపోతే అద్దె ఒప్పందం ప్రకారం ప్రయాణం రద్దు.

అంతలో కొట్టు నుంచి సరుకు వచ్చింది. ఒక తోపుడు బండి కాదు, నాలుగు. వాటిని చూసి సరంగు తల గోక్కున్నాడు. "ఇదంతా ఎక్కితే పడవ మునగదు. కాకపోతే మనం ఎక్కలేం," అన్నాడు.

స్టోర్ కీపరు గర్వంగా ఇంటివాళ్ల ముఖాలు చూశాడు. ఒక్కరి ముఖంలోనూ సంతోషం లేదు. అల్లుడు దుంపల బస్తాల వంక దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నాడు. అక్కగారు నిమ్మకాయల బుట్ట చూసి కూలబడింది. కోత లేకుండా ఇస్తే వీళ్ల వరస ఇదా అని ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. కృతజ్ఞత లేని జనం.

సరుకు సగం ఎక్కించారో లేదో, రేవు ఆఫీసరు వచ్చింది. నడివయసు మనిషి, ముక్కు మీద కళ్లద్దాలు, చంకలో రిజిస్టరు. కొట్టాయన సంబరం పట్టలేక ఇవాళ నా కొట్టు నుంచి పాతికమందికి సరుకు వెళ్తోందని రేవంతా చెప్పుకున్నాడట. ఆవిడ పడవ చుట్టూ ఒకసారి తిరిగి, అడుగున గదుల దాకా దిగి, పైకొచ్చి, ఎంతమంది వెళ్తున్నారని అడిగింది. ఆరుగురం, సరంగుతో ఏడుగురం అన్నాడాయన.

"ఈ పడవకి ఎనిమిది మందికే అనుమతి," అంది ఆఫీసరు రిజిస్టరు తెరుస్తూ. "పద్దెనిమిది లైఫ్ జాకెట్లు తీసుకున్నారు. మూడొందల పళ్లేలున్నాయి. మిగతావాళ్లు ఎక్కడ?"

"మిగతావాళ్లెవరు?"

"నేనూ అదే అడుగుతున్నాను."

స్టోర్ కీపరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై ఏళ్ల నౌకరీలో ఒక్క మేకు లెక్క తప్పినవాడు కాదు. అలాంటివాణ్ణి పట్టుకుని, మనుషుల్ని దాచి పడవెక్కిస్తున్నావంటారా? నలుగురి ముందూ? ఆ మాటే గట్టిగా అన్నాడు. తన ఫ్యాక్టరీ పేరు, తన సర్వీసు, తనకొచ్చిన మెచ్చుకోలు కాగితాలు అన్నీ ఏకరువు పెట్టాడు. ఆఫీసరు చెక్కుచెదరలేదు. పడవ అడుగున గదుల్లోకి దిగినప్పుడు తన చెవులతో తాను ఒక మాట విన్నానంది. బావమరిదిని వేలెత్తి చూపించింది.

"ఈయన ఆ కుర్రాయనతో చెప్పాడు. పక్కల కింద దాచినట్టు బావకి తెలియకూడదు, రేవు దాటేదాకా కిక్కురుమనకు అని."

బావమరిది ముఖం పాలిపోయింది. అల్లుడు సముద్రం కేసి తిరిగాడు. స్టోర్ కీపరు విసురుగా కిందికి దిగి మొదటి పక్క ఎత్తాడు. దాని కింద మనుషులెవరూ లేరు. చేపల డబ్బాలు రెండు డజన్లు, నూడిల్స్ ఒక పెట్టె, జామ్ సీసాలు ఎనిమిది ఉన్నాయి. రెండో పక్క కింద అల్లుడి బ్రెడ్లు. మూడో పక్క కింద అక్కగారి సంచీ నిండా మళ్లీ నిమ్మకాయలే.

"ఏమిటిదంతా?" అన్నాడు పైకొచ్చి.

"ఏం లేదు బావా," అన్నాడు బావమరిది. "నువ్విచ్చే సగం చాలదేమోనని పొద్దున్నే తెచ్చి పెట్టుకున్నాం."

"సగమేమిటి?"

ఆఫీసరు అడ్డుపడి, ఈ సరుకు ఆరుగురికే అనడానికి ఏమన్నా రుజువుందా అని అడిగింది. ఆ ప్రశ్నతో ఆయనకి ప్రాణం లేచొచ్చింది. సంచీలోంచి ఫైలు తీశాడు. ఆయన శ్మశానానికి వెళ్లినా ఫైలుతోనే వెళ్తాడు. ఆఫీసరు ఇండెంట్లు ఒక్కొక్కటే తిప్పింది. కాగితాల తీరు చూసి ఆవిడ ముఖంలో మొదటిసారి కాస్త గౌరవం కనిపించింది. తర్వాత అంకెల మీదికి చూపు పోయింది. ఒక్క మనిషికి పదహారు కిలోల దుంపలా అని పైకే చదివింది.

ముందు అల్లుడే లొంగిపోయాడు. "నాకు కావలసింది నాలుగు కిలోలేనండీ. మామయ్యగారు సగం కోస్తారంటే ఎనిమిది రాశాను. ఇచ్చేటప్పుడు మళ్లీ సగం కోస్తారని ఈయన చెబితే పదహారు చేశాను." ఈయన అంటే బావమరిది. ఆయనేమో అయిదు కోళ్లకి పది రాశాడట. అక్కగారు నలభై నిమ్మకాయలకి ఎనభై. స్టోర్ కీపరు ఆశగా కూతురి వంక చూశాడు.

"నేను చిన్నప్పట్నుంచీ అంతే నాన్నా," అంది కూతురు నెమ్మదిగా. "మూడు నోటుబుక్కులు కావాలంటే ఆరని చెప్పేదాన్ని."

"ఒరే తమ్ముడూ, ఇందులో కొత్తేముంది?" అంది అక్కగారు నిమ్మకాయల మధ్య నుంచి. "మీ ఫ్యాక్టరీలోనూ అందరూ రెట్టింపే రాస్తారు. వెనకాల నిన్ను సగం గారు అంటారు. నీకొక్కడికే తెలీదు."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్లు. ఫ్యాక్టరీకి సగానికి సగం సరుకు మిగిల్చానని ఎన్ని రాత్రులు తృప్తిగా నిద్రపోయాడు! ఎవరికి కావలసింది వాళ్లు నిక్షేపంగా పట్టుకుపోయారన్నమాట. అరిగిపోయింది ఎర్ర పెన్సిళ్లే. ఇంతమంది కలిసి ఒక్క మనిషిని ఇన్నేళ్లు మోసం చేస్తారా? రేవులో నిలబడి ఆ నాలుగు ముఖాల్నీ తిట్టడానికి ఆయనకి తగిన మాట దొరకలేదు.

"నీళ్లు దిగుతున్నాయి," అన్నాడు సరంగు. టైము పది ముప్పావు.

భార్య ఒక బస్తా మీద కూర్చుని ఉంది. ఆవిడ ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. "పోనీ లెండి. ఇదంతా బండికెక్కించి ఇంటికి తీసుకుపోదాం," అంది. "పాడైపోతుంది కదా, అయిదు రోజులూ నేనే ఏదో ఒకటి వండి పెడతాను."

ఆయన మనసులోనే లెక్కేశాడు. పది కోళ్లు, పదహారు కిలోల దుంపలు, పైన అయిదో వంతు అత్యవసర నిల్వ. అదంతా ఆవిడే తరిగి, వేయించి, ఉడికించి, మళ్లీ కిటికీలోంచి చూడాలి. ఈసారి ఆ కిటికీలోంచి జానెడు సముద్రం కూడా కనిపించదు, పక్కింటి గోడ కనిపిస్తుంది. స్టోర్ కీపరు జీవితంలో ఎవరినీ బతిమాలలేదు. ఇప్పుడు ఆఫీసరుని బతిమాలాడు. ఆరుగురికి చాలినంత ఉంచి మిగతాది ఇప్పుడే దించేస్తాం, మమ్మల్ని పోనివ్వమన్నాడు. మోసగాళ్లు నలుగురూ ఆయన చెప్పకముందే బస్తాలు మొయ్యడం మొదలుపెట్టారు. దింపిన సరుకు తిరిగొచ్చేదాకా తన చల్లగదిలో ఉంచుతానని కొట్టాయన ఒప్పుకున్నాడు. ఆఫీసరు సరేనంది. కాగితాలన్నీ ఒకసారి చూసి ముద్ర వేస్తానంది. నాలుగు కాగితాలు చూసింది. అయిదోదాని దగ్గర ఆగిపోయింది.

"ఇందులో కొట్టివేత ఉంది. ఇచ్చినవారి సంతకం ఉంది, అడిగినవారిది లేదు. ఇది చెల్లదు."

"అది మా ఆవిడదండీ. ఇంటి కాగితం," అన్నాడాయన.

"మిగతావి ఎవరివి?"

ఆఫీసరు కాగితం అడుగున అచ్చులో ఉన్న రూలు మీద వేలు పెట్టి చూపించింది. అసలు ఇంత మంచి రూలు తమ రేవులో కూడా లేదని అంది. వేరే రోజైతే ఆయన ఆ మెచ్చుకోలుకి పొంగిపోయేవాడు. గబగబా కాగితం తీసుకెళ్లి భార్యకి కలం ఇచ్చాడు. టైము లేదు, ఇక్కడొక సంతకం గీకేయమన్నాడు.

ఆవిడ కలం పక్కన పెట్టి కాగితం తీరిగ్గా చదివింది. తర్వాత దుంపల వంక, కోళ్ల వంక, తమ్ముడి వంక చూసింది.

"వీళ్లందరికీ అడిగినంతా ఇచ్చారన్నమాట."

"ఇచ్చాను. నీ కోసమే ఇచ్చాను."

"నా ఒక్కదానిదే సగం కోశారు."

"లెక్క తప్పావేమో అనుకున్నాను."

"తప్పలేదు. మీరు సగమే ఇస్తారని తెలుసు కాబట్టి పది రాశాను. అయిదొస్తే చాలనుకున్నాను." ఆవిడ కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది. గొంతు పెరగలేదు కానీ, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఊరందరికీ ఒక న్యాయం, నాకొక న్యాయమైతే ఇప్పుడు నాకు అయిదు చాలదండీ. నేను సంతకం పెట్టను."

సరంగు నీళ్లకేసి చూసి, ఇంక అయిదు నిమిషాలన్నాడు. స్టోర్ కీపరు ఆ నిమిషం వరకూ లోకమంతా తనకి అన్యాయం చేసిందని మండిపడుతూ ఉన్నాడు. ఇప్పుడు ఆ మంట పెట్టడానికి ఎక్కడా చోటు దొరకలేదు. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు. ఆవిడ ఒళ్లోని కాగితం తీసుకుని, తను వేసిన అయిదు కొట్టేసి పక్కన పది వేశాడు. ముప్పై ఏళ్లలో ఆయన అంకె పెంచడం అదే మొదలు. పక్కన సంతకం పెట్టి కాగితమూ పెన్సిలూ ఆవిడకి ఇచ్చాడు. ఆవిడ కింద తన పేరు పూర్తిగా, పొల్లు పోకుండా రాసి, పెన్సిలు తిరిగివ్వడం మర్చిపోయింది. ఆఫీసరు ముద్ర గుద్దింది. పదకొండుకి ఒక్క నిమిషం ఉందనగా పడవ రేవు దాటింది.

ఆ అయిదు రోజులూ ఆవిడ పడవ ముందు భాగంలో కూర్చుని సముద్రాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. అల్లుడు గుడ్లు మాడ్చాడు, బావమరిది కోడిని సగం పచ్చిగా దించాడు, ఒక పూట అందరూ బిస్కెట్లు తిని పడుకున్నారు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. మూడో రోజు సరంగు చుక్కాని ఆవిడ చేతికిచ్చాడు, తిరిగి ఇమ్మని అడగడానికి సరంగుకే ధైర్యం చాలలేదు.

ఆరో రోజు పొద్దున ఇంటి ముందు బండి ఆగింది. కొట్టాయన చల్లగదిలోంచి ఆరు కోళ్లు, పన్నెండు కిలోల దుంపలు, తొమ్మిది కిలోల ఉల్లిపాయలు దింపి వెళ్లాడు. మోసగాళ్లు నలుగురూ ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయారు. ఆవిడ వసారాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంది. స్టోర్ కీపరు సెలవు పొడిగించుకుని అయిదు రోజులు ఉల్లిపాయలు తరిగి కళ్లు వాచేలా ఏడ్చాడు. ఏడుపంతా ఉల్లిపాయల వల్లే కాదు, తన ఖర్మకి కూడా కొంత ఏడ్చాడు. రోజూ మాడిన మూకుడు తోముతూ, ఆవిడ ఇరవై తొమ్మిదేళ్లలో ఇలాంటివి ఎన్ని తోమి ఉంటుందోనని లెక్క కట్టబోయి, మధ్యలో భయపడి మానేశాడు.

పదో రోజు సాయంత్రం ఆవిడ వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి ఆయన చేతికి ఒక కొత్త ఇండెంటు ఇచ్చింది. వస్తువు పాతదే. పరిమాణం మాత్రం నలభై రోజులు.

ఆయన చెయ్యి అలవాటు కొద్దీ ఎర్ర పెన్సిలు కోసం జేబులన్నీ తడిమింది.

పెన్సిలు ఆవిడ కొప్పులో ఉంది.